దారం కనబడాలి

చిన్నంశెట్టి మాణిక్యాలరావు జీవితంలో రెండు పెద్ద పనులు చేశాడు. ఒకటి, ‘చంద్రమండలంలో సవతిపోరు’ అనే సినిమాకు కళాదర్శకత్వం వహించడం. రెండోది, ఆ సంగతి పెళ్లిళ్లలో, పేరంటాల్లో బయటపడకుండా చూసుకోవడం. మొదటిది ఒక్క ఏడాదిలో పూర్తయింది. రెండోదానికి యాభై ఏళ్లు పట్టింది.

మనిషి నిజంగానే చంద్రుడి మీద కాలుపెట్టి వచ్చిన మరుసటి ఏడు, ఆ వేడి చల్లారకముందే ఏదో ఒకటి తీసేద్దామని మద్రాసులో ఒక నిర్మాత మొదలుపెట్టిన సినిమా అది. కథ సులువైనదే. తప్పిపోయిన మొగుణ్ణి వెతుక్కుంటూ కథానాయిక రాకెట్టెక్కి చంద్రమండలానికి వెళుతుంది. తీరా వెళ్లి చూస్తే అయ్యగారు చంద్రరాజు కూతురికి మూడుముళ్లు వేసి, కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉంటాడు. అక్కణ్ణించి భూమ్మీద జరిగేదే అక్కడా జరుగుతుంది. కాకపోతే అందరూ వెండిరంగు పూసిన బనియన్లు వేసుకుని, నెత్తిన చిల్లుల గిన్నెలు బోర్లించుకుని ఏడుస్తారు.

మరమనిషిని డాల్డా డబ్బాలతో చేశారు. అతను ఒంగినప్పుడల్లా వెనకనుంచి అడ్డపంచె కనబడుతుంది. చంద్రరాజు సైనికులు పట్టుకున్న కిరణాయుధాలు దోమలమందు కొట్టే పంపులు. రాకెట్టును నడిపే యంత్రానికి హార్మోనియం మెట్లు ఉంటాయి. ప్రతినాయకుడు కోపంతో ఒక బండరాయిని తన్నితే అది ఎగిరి, కొండకు కొట్టుకుని, తిరిగొచ్చి అతని ఒళ్లోనే పడుతుంది. చంద్రరాజు చేతికి గడియారం ఉంటుంది. గాలి కూడా లేని ఆ లోకం మీదుగా ఒక కాకి తాపీగా ఎగురుకుంటూ పోతుంది. సినిమా ఆసాంతం కన్నీళ్లే గాని, విజయవాడలో మొదటి ఆట నుంచే జనం నవ్వలేక చచ్చారు.

ఇంత అప్రతిష్ఠలోనూ మాణిక్యాలరావుకు ఒక్క ఓదార్పు ఉండేది. సినిమా చివర్లో ఒక షాటు. కథానాయిక మొగుణ్ణి వెంటబెట్టుకుని భూమికి తిరుగు ప్రయాణమవుతుంది. కింద బూడిదరంగు నేల, పైన నల్లటి ఆకాశం, ఎక్కడో దూరంగా నీలంగా భూమి. రాకెట్టు మెల్లగా లేచి, చిన్నదైపోతూ, చీకట్లో కలిసిపోతుంది. గుక్క తిప్పుకునేంత సేపే. కానీ ఆ కాసేపూ దారం కనిపించదు, అట్ట కనిపించదు, మైదాజిగురు కనిపించదు. విజయవాడలో అక్కడికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. ముందు బెంచీల్లో ఎవడో, “అమ్మో, వెళ్లిపోతందిరా!” అన్నాడు. వెనక కుర్చీలో ముడుచుకుని కూర్చున్న మాణిక్యాలరావు ఆ మాట విన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నేళ్లూ నెట్టుకొచ్చాడు.

సినిమా వారం తిరక్కుండానే హాళ్ల నుంచి వెళ్లిపోయింది. ప్రింట్లు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. ఆ తరవాత ఆయన్ని పెళ్లాడిన అనసూయమ్మకు ఆ షాటు గురించి వినడమే గాని చూసే యోగం కలగలేదు. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన అన్నప్పుడల్లా, “అవునులెండి, ఉప్పు కనబడుద్ది గాని మీ దారం మాత్రం కనబడదు” అని దెప్పేది.

అలాంటిది ఉన్నట్టుండి లోకం తలకిందులైంది. చెన్నైలో ఏదో పాత గిడ్డంగిలో ఆ సినిమా రీళ్లు దొరికాయి. అందులోంచి రెండు ముక్కలు ఎవరో ఫోన్లలోకి ఎక్కించారు. ఇక కుర్రకారు ఆగలేదు. నున్నగా, నిజంలా ఉండే కొత్త సినిమాలు చూసి చూసి మొహం మొత్తినవాళ్లకి డాల్డా డబ్బా మరమనిషి దేవుడిలా కనిపించాడు. అతని బొమ్మ బనియన్ల మీదికెక్కింది. అట్టకొండను చూసి కడుపుబ్బా నవ్వడం, నవ్వాక “అబ్బ, ఏం అందం!” అని నిట్టూర్చడం చదువుకున్నవాళ్ల లక్షణమైంది.

జనం దేన్నైనా ఇష్టపడితే దానికో మండలి ఉండాలి కాబట్టి, రాష్ట్ర చలనచిత్ర వారసత్వ పరిరక్షణ మండలి కదిలింది. అధ్యక్షులు డాక్టర్ దశిక పరంజ్యోతి గారు స్వయంగా కూకట్‌పల్లిలోని మాణిక్యాలరావు ఫ్లాటుకు వచ్చారు. వెంట సాంకేతికాధికారి రజియా ఉంది.

“మాణిక్యాలరావు గారూ,” అన్నారు పరంజ్యోతి గారు గొంతు సవరించుకుని, “తమరి చిత్రము మండలి దృష్టికి వచ్చినదని తెలియజేయుటకు హర్షించుచున్నాము. తమరి అట్టకొండలయందలి నిష్కల్మషమైన అసహజత్వము మమ్ములను ముగ్ధులను గావించినది.”

“అంటే బాగుందనా, బాగాలేదనా?” అంది అనసూయమ్మ కాఫీ గ్లాసులు పెడుతూ.

“బాగుండకపోవుటయందు అత్యున్నత స్థాయిని అందుకొన్నదని, అమ్మా.”

మాణిక్యాలరావుకు ఒళ్లు మండింది. నాలుగు మాటలు దులిపేద్దామని నోరు తెరిచేసరికి భుజాల మీద శాలువా పడింది. శాలువా కప్పుకుని కోప్పడటం ఎంత కష్టమో ఆయనకు ఆ రోజే తెలిసొచ్చింది.

తరవాత అంతా జారుడుబండే. మొదట్లో సభల్లో తల దించుకుని కూర్చునేవాడు. కొన్నాళ్లకి తల ఎత్తాడు. ఇంకొన్నాళ్లకి మైకు పట్టుకున్నాడు. “ఆ కాకిని నేను కావాలనే పెట్టించాను” అని ఒక కాలేజీలో చెప్పాడు. “కాకి అంటే పితృదేవతలు. మనిషి చంద్రుడి దాకా వెళ్లినా పెద్దలు వెంటే ఉంటారని అందులో అర్థం.” పిల్లలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చంద్రరాజు గడియారం కాలానికి సంకేతమైంది. ఒళ్లో పడ్డ బండరాయి కర్మసిద్ధాంతమైంది.

“ఆ కాకిని తోలలేదని లైట్లవాణ్ణి చెడామడా తిట్టానని చెప్పారు గదండీ నాతో?” అంది అనసూయమ్మ ఆ సాయంత్రం.

“అప్పుడు నాకు దాని లోతు తెలీదే” అన్నాడు మాణిక్యాలరావు.

మండలి ఆయన్ని ‘కృత్రిమత్వ గౌరవ సలహాదారు’గా నియమించి, వీపుకు తువాలు కప్పిన ఒక కుర్చీ ఇచ్చింది. ఆ కుర్చీలో కూర్చున్నాక ఆయనకు ఏదో ఒకటి సలహా ఇవ్వకపోతే తోచేది కాదు. సమావేశ మందిరంలో అట్టకొండలు పెట్టించాడు. కాకి కోసం ఒక ఉపసంఘం వేయించాడు. గేటు దగ్గర కాపలాదారు నెత్తిన చిల్లుల గిన్నె పెట్టించబోతే అతను ఊరెళ్లిపోయి మళ్లీ రాలేదు.

అసలు గొడవ సినిమాకు మరమ్మతు చేయించడంతో మొదలైంది. రజియా పాడైపోయిన రీళ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి, గీతలూ మరకలూ తుడిచేసి, అద్దంలా చేసి చూపించింది. మండలి సభ్యులు చూశారు. ఎవరూ నవ్వలేదు. పరంజ్యోతి గారి మొహం పాలిపోయింది.

“రాకెట్టులు నిజముగనే ఎగురుచున్నట్లున్నవి! దారములేవి?”

“గీతలన్నీ తీసెయ్యమన్నరు గద సార్” అంది రజియా. “కంప్యూటర్‌కి దారం గూడ గీతనే. అన్ని తీసేసింది.”

“వారసత్వ విధ్వంసము!” అని పరంజ్యోతి గారు బల్ల మీద గుద్దారు. బల్ల మీదున్న అట్టకొండ కింద పడింది.

దారాలన్నీ వెనక్కి తెప్పించారు. మళ్లీ ఇలాంటి ఘోరం జరక్కుండా ఒక నిబంధన ఉండాలన్నారు. దాన్ని రాసే బాధ్యత సలహాదారుగారిదే. మాణిక్యాలరావు కళ్లజోడు సర్దుకుని, ఉత్సాహం ఉరకలు వేస్తుండగా రాశాడు: ‘గాలిలో ఎగురు ప్రతి వస్తువునకు, ప్రేక్షకుని కంటికి ఆనునట్టి దారము ఒక్కటైనను ఉండి తీరవలెను. దారము కనబడని చిత్రము అసహజ వారసత్వ శ్రేణికి అనర్హము.’ రాసి చదువుకున్నాడు. ఇంకా ఏదో తక్కువైనట్టనిపించి, చివర ‘ఎట్టి మినహాయింపులును లేవు’ అని కలిపాడు. ఆ చివరి ముక్క ఆయనకు తెగ నచ్చింది. ఇంటికెళ్లి అనసూయమ్మకు కూడా చదివి వినిపించాడు.

నిబంధన అమల్లోకి వచ్చిందంటే తనిఖీ ఉండాలి. తనిఖీ సంఘం ‘సవతిపోరు’ను షాటు షాటుగా ఆపి చూసింది. ఎగిరే పళ్లాలకు దారాలున్నాయి. దేవకన్యలకు తాళ్లే ఉన్నాయి. చంద్రరాజు కిరీటానికి కూడా, అది ఎగరకపోయినా, ఒక దారం ఉంది. సంఘం సంతోషించింది. చివరి రీలు దగ్గర మాత్రం ఆగిపోయింది. ఆ మధ్యాహ్నమే పరంజ్యోతి గారు సలహాదారుగారిని పిలిపించారు.

“మాణిక్యాలరావు గారూ, మిక్కిలి విచారముతో తెలియజేయుచున్నాము. రాకెట్టు నిష్క్రమణ షాటునందు దారము కనబడుటలేదు. సదరు షాటును చూచునపుడు నమ్మకము కలుగుచున్నది.”

ఆ షాటును మాణిక్యాలరావు నిబంధనతో కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు. అది ఆయన ప్రాణం. ప్రాణం నిబంధన కిందికి వస్తుందని ఎవరనుకుంటారు?

“నమ్మకం కలగటం తప్పాండీ?”

“వ్యక్తిగతముగ తప్పు కాదు. నిబంధన ప్రకారము తప్పు.”

“దానికొక్కదానికీ మినహాయింపు ఇవ్వకూడదా?”

పరంజ్యోతి గారు కాగితం ముందుకు తోశారు. చివరి ముక్క మీద ఆయన వేలు ఆగింది. తన వాక్యాన్ని మాణిక్యాలరావు తనే చదువుకున్నాడు.

“ఆ షాటు కత్తిరిస్తే?” అన్నాడు కాగితం వెనక్కి తోసి.

“వారసత్వమును కత్తిరించుట నేరము.”

“నేను ఒక దారం గీసేస్తా సార్, రెండు నిమిషాల పని” అంది రజియా.

“మూలకళాకారుని చేతిది కాని దారము నకిలీ దారము. మండలి నకిలీని ప్రోత్సహించదు.” పరంజ్యోతి గారు లేచి నిలబడ్డారు. “మూలకళాకారుడు మన మధ్య జీవించియుండుట మండలి అదృష్టము. ఆ షాటును తమరే, తమ స్వహస్తములతో, మరల తీయవలెను. లేనిచో చిత్రము మొత్తము అనర్హమై తిరిగి గిడ్డంగికి పోవును.”

ఇంటికొచ్చి మాణిక్యాలరావు చొక్కా కూడా విప్పకుండా మంచం మీద కూర్చున్నాడు. అనసూయమ్మ సంగతంతా విని, “పొమ్మనండి. నా వల్ల కాదని చెప్పెయ్యండి” అంది.

“కాదంటే సినిమా మళ్లీ చీకటికొట్లోకి పోద్ది. నా షాటు ఇంకెవరూ చూడరు. సరేనంటే సినిమా ఉంటది, షాటు ఉండదు. ఎటు జూసినా పోయేది అదేనే.”

“దారం కనపడాలని రాసిందెవరు?”

“నేనే.”

“మినహాయింపులు లేవన్నదో?”

“అన్నం పెట్టు” అన్నాడు మాణిక్యాలరావు.

మర్నాడు ఆయన మండలికి వెళ్లి, మొక్కుబడిగా ఒక అట్టరాకెట్టుకు బావిచేద తాడంత మోకు కట్టి ఊపి, షాటు తీయించి ఇచ్చాడు. చూడండి, ఇంతకన్నా ఏం కావాలి అన్నట్టు. సంఘం ఒక్కసారి చూసి తిప్పి పంపింది.

“ఇందు చిత్తశుద్ధి లోపించినది” అన్నారు పరంజ్యోతి గారు. “కావలెనని చెడగొట్టినది మాకు వలదు. అది వెక్కిరింత. అసలైన అసహజత్వము మనఃపూర్వకమైన కృషి నుండి మాత్రమే జనించును. కనుక తమ శక్తివంచన లేకుండా, అత్యుత్తమముగ తీయుటకు ప్రయత్నింపుడు. విఫలమగుట దానంతట అదియే జరుగును.”

ఆ మాటకి మాణిక్యాలరావుకు పౌరుషం పొడుచుకొచ్చింది. దానివెంటే ఒక ఉపాయం కూడా తట్టింది. సరే, అత్యుత్తమంగానే తీస్తాను. మొదటిదానికన్నా బాగా తీస్తాను. అప్పుడు ఏం చేస్తారు? మూలకళాకారుడి చేతిలో దారం కనబడటం అసాధ్యమని రుజువవుతుంది. చచ్చినట్టు మినహాయింపు రాస్తారు.

ఇక చూడండి. అప్పటిలాగే దీపపుమసి ఆముదంలో రంగరించి దారానికి తనే పట్టించాడు. నల్ల మఖమలు గుడ్డ కోసం సికింద్రాబాదు అంతా తిరిగాడు. సిమెంటులో బూడిద కలిపి చంద్రుడి నేలను చేత్తో పరిచాడు. చాక్లెట్ల మీది వెండికాగితం గోటితో నునుపుగా రుద్ది రాకెట్టుకు అంటించాడు. రబ్బరుబంతికి నీలం వేసి భూమిని చేశాడు. దాని మీద తెల్లటి మబ్బులు వేసేటప్పుడు ఊపిరి బిగబట్టాడు. పొగ కోసం రాకెట్టు అడుగున అగరువత్తి కట్టాడు. వయసు గుర్తు రాలేదు, ఆకలి గుర్తు రాలేదు. యాభై ఏళ్లలో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేడు.

“ఇంత మంచిగ చేస్తే రిజెక్ట్ చేస్తరేమో సార్” అంది రజియా దిగులుగా.

“చెయ్యనీవమ్మా. నాక్కావలసింది అదే” అన్నాడు మాణిక్యాలరావు. దారం పట్టుకున్న చెయ్యి వణుకుతోంది గాని ఆయన పట్టించుకోలేదు.

తీసినదాన్ని ఒకసారి వేసి చూసుకోకుండానే సంఘం ముందు రెండు షాట్లూ వరసగా వేయించాడు. మొదట పాతది. రాకెట్టు లేచింది, చీకట్లో కలిసిపోయింది. గదిలో చీమ చిటుక్కుమంటే వినిపించేలా ఉంది. మాణిక్యాలరావు ఛాతీ ఉబ్బింది.

తరవాత కొత్తది. రాకెట్టు లేచింది. లేచి, ఒక్క క్షణం ఆగి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగింది. ఆముదం పట్టించిన దారం లైట్ల వెలుగులో తళతళ మెరిసింది. రాకెట్టు గిర్రున తిరుగుతూ అడుగున కట్టిన అగరువత్తిని అందరికీ చూపించింది. వెనక భూమి మెల్లగా పక్కకి దొర్లింది. దాన్ని ఆపడానికి తెర అంచు నుంచి ఒక ముసలి మోచెయ్యి లోపలికొచ్చింది.

ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, ఆనకట్ట తెగింది. సభ్యులు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. పరంజ్యోతి గారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. రజియా చున్నీ నోట్లో కుక్కుకుంది. అన్యాయం ఏమిటంటే, ఆ మోచెయ్యి చూసి మాణిక్యాలరావుకు కూడా నవ్వొచ్చింది. ఆపుకోవడానికి పెదవి కొరుక్కున్నాడు.

“అద్భుతము!” అన్నారు పరంజ్యోతి గారు. “ఏకగ్రీవముగ ఆమోదించుచున్నాము.”

“ఆ మొదటిది తీసింది కూడా నేనే గదండీ!” మాణిక్యాలరావు కుర్చీలోంచి లేచాడు. “అదే దారం, అదే మసి, ఇవే చేతులు!”

రజియా ఏదో చెప్పాలా వద్దా అన్నట్టు చూసి, చివరికి కంప్యూటర్ తెర ఇటు తిప్పింది. “ఏమనుకోకుండ్రి సార్. పాత షాట్‌ల వెలుగు సగంల నుంచి మెల్లగ పడిపోతున్నది. ఆ దినం కరెంటు తగ్గినట్టుంది. దారం, అట్ట, అన్నీ ఆ చీకట్లనే కలిసిపోయినయి. అందుకే అంత మంచిగొచ్చింది.”

మాణిక్యాలరావు తెర వైపు వంగి చూశాడు. గుర్తొచ్చింది. ఆ రోజు పైన ఫ్యాను రెక్కలు లెక్కపెట్టగలిగేంత నెమ్మదిగా తిరిగింది. కెమెరామన్ విసుక్కుంటూ ఇంకోసారి తీద్దామన్నాడు. ఫిల్ము అయిపోయిందని నిర్మాత ఒప్పుకోలేదు. ఇన్నేళ్లూ ఆయన దీపపుమసి గురించి చెప్పుకున్నాడే గాని, ఫ్యాను గురించి ఒక్కసారీ తలుచుకోలేదు.

పరంజ్యోతి గారు తీర్మానం చెప్పి రాయించారు. “మొదటి షాటు యాదృచ్ఛికము. కర్త: లో వోల్టేజి. రెండవది కళాకారుని స్వతస్సిద్ధమైన ప్రతిభ. కర్త: శ్రీ చిన్నంశెట్టి మాణిక్యాలరావు.” సభ్యులు లేచి నిలబడి ఆయనకు చప్పట్లు కొట్టారు. మొదటి శాలువా మీద రెండోది పడింది.

ఉత్సవం రోజు హాలు కిక్కిరిసిపోయింది. మండలి అధికారి ఒకాయన డాల్డా డబ్బాలు తొడుక్కుని వచ్చి మాణిక్యాలరావుకు దండ వేశాడు. సినిమా మొదలైంది. కాకికి ఈలలు పడ్డాయి. బండరాయికి కాగితాలు ఎగిరాయి. చివరి రీలు దగ్గరపడుతుంటే మాణిక్యాలరావు దండ తీసి కుర్చీ మీద పెట్టి, వంగి వంగి బయటికొచ్చేశాడు. వెనకాలే అనసూయమ్మ కూడా చెప్పులు వెతుక్కుంటూ వచ్చింది.

మరుగుదొడ్లకు వెళ్లే దారిలో గోడకు ఒక చిన్న టీవీ తగిలించి ఉంది. దాని కింద అట్ట మీద రాసి ఉంది: ‘నిబంధనకు లోబడని నమూనా. కర్త: లో వోల్టేజి. ప్రేక్షకులు దీనిని ఆదర్శముగ గైకొనరాదు.’ తెర మీద రాకెట్టు చీకట్లోకి వెళ్లిపోతోంది. వెళ్లిపోయి, మళ్లీ మొదటినుంచి బయల్దేరుతోంది. అక్కడ ఆగి చూసేవాళ్లెవరూ లేరు.

అనసూయమ్మ ఆగింది. చెంగుతో కళ్లజోడు తుడుచుకుని చూసింది. రాకెట్టు వెళ్లింది. ఇంకోసారి చూసింది. ఆవిడ మొహంలో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

“ఇదేనా అండీ?” అంది మెల్లగా.

“ఇదే.”

“అబ్బ. నిజంగా వెళ్లిపోతున్నట్టే ఉంది.” ఆవిడ ఆయన మోచెయ్యి పట్టుకుంది. “గొప్పలకి పోతున్నారనుకున్నాను. ఇన్నేళ్లూ మిమ్మల్ని ఎన్ని మాటలన్నాను! ఇంత బాగా తీశారని నాకేం తెలుసు?”

మాణిక్యాలరావుకు ఒక్కసారిగా కళ్లు చెమ్మగిల్లాయి. విజయవాడలో ముందు బెంచీవాడి తరవాత ఆ మాట అన్నది ఆవిడే. అవునే, నేనే తీశానని అనడానికి నోటిదాకా వచ్చింది. అట్ట మీద రాసింది ఆవిడ ఇంకా చదవలేదు. చదవకుండా అక్కణ్ణించి తీసుకెళ్లిపోవచ్చు కూడా.

అంతలో లోపల హాలు పైకప్పు లేచిపోయేటట్టు నవ్వింది. నవ్వి, ఆగి, మళ్లీ నవ్వింది. అనసూయమ్మ ఉలిక్కిపడి అటు తిరిగింది.

“అదేంటండీ?”

మాణిక్యాలరావు కళ్లు తుడుచుకున్నాడు. “ఇది కాదే” అన్నాడు టీవీని చూపించి. తరవాత హాలు తలుపు వైపు చెయ్యెత్తి, “నాది అదిగో, ఇప్పుడొచ్చింది” అన్నాడు.